ఆటోమేటిక్ గేర్‌బాక్స్ స్లిప్ అవుతోందా? ఆయిల్, అడిటివ్‌ల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంజిన్ అరుస్తుంది, బండి మాత్రం కదలదు. దీన్నే స్లిప్ అంటారు. ఆటోమేటిక్ కారు ఉన్నవాళ్ళకు ఇంతకన్నా టెన్షన్ పెట్టేది ఇంకోటి ఉండదు. షెడ్డులో అడిగితే గేర్‌బాక్స్ దింపాల్సిందే అంటారు. ఆన్‌లైన్‌లో వెతికితే ఒక్క సీసా అడిటివ్, అంటే ఆయిల్‌లో కలిపే మందు, పోస్తే చాలంటారు. ఆయిల్ తగ్గినందువల్లో, పాతబడినందువల్లో, తప్పు ఆయిల్ పోసినందువల్లో వచ్చిన సమస్య ఆయిల్‌తో బాగుపడుతుంది. లోపల క్లచ్ ప్లేట్లు అరిగిపోయి వచ్చిన సమస్య ఏ సీసాతోనూ బాగుపడదు. మీది ఈ రెండింటిలో ఏదో తేల్చుకోవడానికి పనికొచ్చే ప్రశ్నలు కింద ఉన్నాయి.

నా కారు స్లిప్ అవుతోందని ఎలా తెలుస్తుంది?

ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపే టాకోమీటర్ చూస్తే తెలుస్తుంది. ఖాళీ రోడ్డు మీద 60 కిలోమీటర్ల వేగంతో నిలకడగా పోతూ, యాక్సిలరేటర్ కొద్దిగా, నెమ్మదిగా నొక్కండి. ముల్లు రెండు మూడు వందల ఆర్‌పీఎం పెరిగి, బండి కూడా దాంతోపాటు వేగం అందుకుంటే అది మామూలే. ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్‌లో, రెండింటినీ నేరుగా కలిపి పట్టే లాకప్ క్లచ్ వదిలిందన్నమాట. ముల్లు వెయ్యి దాకా ఎగిరి, స్పీడోమీటర్ ఉన్నచోటే ఉంటే అనుమానించాలి. గట్టిగా తొక్కి చూస్తే మాత్రం ఏమీ తేలదు. అప్పుడు గేర్‌బాక్స్ కావాలనే కింది గేరుకు దిగుతుంది, అదీ అచ్చం స్లిప్‌లాగే కనిపిస్తుంది.

ఇంకో రెండు గుర్తులున్నాయి. గేరు మారే క్షణంలో ఇంజిన్ ఒక్కసారి రేస్ అయి, తర్వాత దబ్‌మని పట్టుకోవడం ఒకటి. ఉదయం స్టార్ట్ చేసి డీ లోకి వేశాక రెండు మూడు సెకన్ల దాకా బండి కదలకపోవడం ఇంకోటి. ఈ రెండోదాన్ని గుర్తు పెట్టుకోండి, అడిటివ్‌ల దగ్గర మళ్ళీ వస్తుంది.

మాది ఏఎంటీ. ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) మారిస్తే సరిపోతుందా?

సరిపోదు. మారుతి ఏజీఎస్ అయినా టాటా ఏఎంటీ అయినా లోపల ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ నొక్కడం, గేరు మార్చడం మీ బదులు ఒక యంత్రం చేస్తుంది, అంతే. 2014లో సెలెరియోతో ఇవి మన దగ్గర మొదలయ్యాయి. స్లిప్ అయితే అరిగింది పొడి క్లచ్ ప్లేటు. ప్లేటు మార్చాలి. దానికి ఆయిలే తగలదు కాబట్టి అడిటివ్ ప్రశ్నే రాదు.

పోలో జీటీ టీఎస్‌ఐ లాంటి కార్లలోని 7 స్పీడ్ డీఎస్‌జీ, ఫోర్డ్ పవర్‌షిఫ్ట్, హ్యుందాయ్, కియా 7 స్పీడ్ డీసీటీ రెండేసి క్లచ్‌లతో నడిచే గేర్‌బాక్స్‌లు, ఇవి కూడా పొడి క్లచ్‌లవే. ఆ డీఎస్‌జీకి ఆయిల్ కథ ఒకటి ఉంది. 2013 నవంబరులో ఫోక్స్‌వ్యాగన్ ప్రపంచవ్యాప్తంగా దాదాపు 16 లక్షల కార్లను వెనక్కి పిలిచి, గేర్‌బాక్స్‌లో సింథటిక్ ఆయిల్ తీసి మినరల్ ఆయిల్ పోసింది. వేడి, ఉక్క ఎక్కువ ఉన్నచోట సింథటిక్ ఆయిల్ వల్ల ఎలక్ట్రికల్ సమస్యలు వచ్చే వీలుందన్నది కారణం. అది క్లచ్ జారడానికి మందు కాదు.

సీవీటీకి ఏటీఎఫ్ పోయవచ్చా?

వద్దు. హోండా సిటీ, పాత బలేనో, మాగ్నైట్, క్రెటా ఐవీటీ లాంటి వాటిలో పని చేసేది స్టీలు బెల్టో చైనో, దాన్ని పట్టి ఉంచే రెండు పుల్లీలూ. బెల్టుకూ పుల్లీకీ మధ్య పట్టు ఉండేలా సీవీటీ ఆయిల్‌ను విడిగా తయారు చేస్తారు. హోండాకు హెచ్‌సీఎఫ్-2, నిస్సాన్‌కు ఎన్‌ఎస్-3 అని ఎవరిది వారికే ఉంటుంది. మామూలు ఏటీఎఫ్ పోస్తే బెల్టు జారుతుంది, జారితే పుల్లీ మీద గీతలు పడతాయి, ఆ గీతలు పడ్డాక ఇక మరమ్మతు ఉండదు. ఇకపై చెప్పేదంతా టార్క్ కన్వర్టర్ ఉన్న అసలు ఆటోమేటిక్‌ల గురించే: ఇన్నోవా క్రిస్టా, ఫార్చ్యూనర్, సియాజ్, ఎర్టిగా, థార్, క్రెటా డీజిల్, ఇంకా అమెరికాలో మనవాళ్ళు ఎక్కువగా కొనే పాత క్యామ్రీలు, అకార్డ్‌లు.

లోపల అసలు ఏది జారుతుంది?

గేర్లు పడేలా చూసేవి కొన్ని క్లచ్ ప్యాక్‌లు. ఒక్కోదాంట్లో ఒక స్టీలు ప్లేటు, ఒక ఫ్రిక్షన్ ప్లేటు చొప్పున వరసగా పేర్చి ఉంటాయి. ఫ్రిక్షన్ ప్లేటు మీద అట్టలాంటి పదార్థాన్ని జిగురుతో అంటిస్తారు. చేత్తో పట్టుకుంటే నిజంగానే దళసరి కాగితంలా ఉంటుంది, మందం మిల్లీమీటరు కూడా ఉండదు. పంపు ఆయిల్‌ను ఒత్తిడితో పంపుతుంది, వాల్వ్ బాడీ దాన్ని కావలసిన గేరుకు మళ్ళిస్తుంది, పిస్టన్ ప్లేట్లను బిగించి పట్టుకుంటుంది. పిస్టన్ చుట్టూ రబ్బరు సీళ్ళుంటాయి.

అంటే స్లిప్‌కు దారులు మూడు. ఒత్తిడి చాలకపోవడం, ఒత్తిడి దారిలో కారిపోవడం, ప్లేట్ల మీద కాగితం అయిపోవడం. ఆయిల్ మీద ఆశ పెట్టుకోవాలంటే మొదటి రెండింటి దగ్గరే.

అయితే మొదట ఏం చూడాలి?

ఆయిల్ లెవెల్. అడిటివ్ కొనే ముందు, గేర్‌బాక్స్ దింపే ముందు, అన్నిటికన్నా ముందు ఇదే. లీటరు తగ్గితే మలుపుల్లో, ఎత్తు ఎక్కేటప్పుడు పంపు గాలి పీలుస్తుంది. గాలి కలిసిన ఆయిల్ ప్లేట్లను బిగించలేదు. కూలర్ పైపు దగ్గరో, యాక్సిల్ సీల్ దగ్గరో కొద్దికొద్దిగా లీకై, నేల మీద మరకైనా పడకుండా ఏడాదిలో లీటరు పోవచ్చు.

డిప్‌స్టిక్ ఉన్న కార్లలో బండి బాగా వేడెక్కాక, చదునైన చోట ఆపి, బ్రేక్ తొక్కి అన్ని గేర్లలోకీ ఒకసారి వేసి మళ్ళీ పీ లోకి తెచ్చి, ఇంజిన్ ఆన్‌లో ఉండగానే చూడాలి. ఇంజిన్ ఆయిల్ చూసినట్టు ఆపేసి చూస్తే లెక్క తప్పుతుంది. పాత హోండాల్లో మాత్రం ఇంజిన్ ఆపి, ఒక నిమిషం దాటాక, నిమిషన్నర లోపు చూడాలి. ఇప్పటి కార్లలో చాలావాటికి డిప్‌స్టిక్ ఉండదు. కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్‌లో ఆయిల్ ఉష్ణోగ్రత చూస్తూ, కంపెనీ చెప్పిన డిగ్రీల దగ్గర కింద ఉన్న లెవెల్ బోల్టు విప్పాలి. సన్నటి ధార వచ్చి చుక్కలకు తగ్గితే సరిపోయినట్టు. అసలేమీ రాకపోతే తక్కువ ఉన్నట్టు. స్కానర్ లేకుండా ‘అందాజుగా’ పోసే చోట ఈ పని చేయించకండి. ఎక్కువైనా నష్టమే, నురగ వస్తుంది.

రంగు, వాసన చూసి ఏం చెప్పవచ్చు?

చాలావరకు కొత్త ఏటీఎఫ్ ఎర్రగా ఉంటుంది, పాతబడేకొద్దీ ముదురుతుంది. రంగు ఒక్కటే చూసి భయపడక్కర్లేదు, వాసన చూడండి. మాడిన వాసన వస్తే ప్లేట్లు కాలుతున్నట్టే. తెల్ల టిష్యూ మీద ఒక చుక్క వేస్తే ఆయిల్ పక్కలకు పాకి, మధ్యలో నల్లటి పొడి మిగలవచ్చు. ఆ పొడి ప్లేట్ల మీదనుంచి ఊడిన కాగితమే. గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పాన్ విప్పితే అయస్కాంతానికి బూడిదరంగు ముద్ద ఉంటుంది, అది మామూలు అరుగుదల. వేలికి తగిలే ముక్కలు, రేకులు కనిపిస్తే ఆయిల్ ఖర్చు దండగ.

గులాబీరంగులో పాలలా ఉందంటే లోపల నీళ్ళు కలిశాయి. రేడియేటర్‌లోనే ఏటీఎఫ్ కూలర్ ఉండే కార్లలో అది లోపల పగిలితే కూలెంట్ గేర్‌బాక్స్‌లోకి వస్తుంది. అమెరికాలో 2005 నుంచి 2010 దాకా వచ్చిన నిస్సాన్ పాత్‌ఫైండర్, ఫ్రాంటియర్, ఎక్స్‌టెర్రాలకు ఈ చెడ్డపేరు బాగా ఉంది. అక్కడ సెకండ్ హ్యాండ్‌లో వీటిని చూస్తున్నవాళ్ళు రేడియేటర్ మార్చారో లేదో అడగాలి.

అడిటివ్‌లు నిజంగా పనిచేస్తాయా?

కొన్ని, కొన్నిటికి. సీసాల మీద అన్నీ అన్నిటినీ బాగుచేస్తాయని రాస్తారు గానీ, లోపల ఉండేవి ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది సీల్ కండిషనర్. గట్టిపడిపోయిన రబ్బరును మెత్తబరిచి, కాస్త ఉబ్బిస్తుంది. ఉదయం చల్లగా ఉన్నప్పుడు డీ ఆలస్యంగా పట్టుకుని, వేడెక్కాక మామూలైపోయే బండికి ఇది పని చేసే అవకాశం ఉంది. చల్లటి రబ్బరు గట్టిగా ఉండి ఒత్తిడిని వదిలేస్తుంది, వేడికి మెత్తబడి పట్టుకుంటుంది. లక్షణం మందుకు సరిగ్గా సరిపోతుంది. ఫలితం కనిపించడానికి కొన్ని వందల కిలోమీటర్లు పడుతుంది. రెండో సీసా, మూడో సీసా అని పోస్తూ పోతే రబ్బరు అతిగా మెత్తబడి చెడుతుంది.

రెండోది చిక్కదనం పెంచేది. దీనికి లక్షణం తలకిందులు. ఉదయం బాగుండి, గంటసేపు ట్రాఫిక్‌లో తిరిగాక జారే బండి. వేడికి పల్చబడిన ఆయిల్ అరిగిన పంపు సందుల్లోంచి జారిపోతుంటే, చిక్కబరిస్తే కొంత నిలుస్తుంది. అయితే ఇది అరుగుదలను కప్పిపెట్టడమే. కొన్ని నెలలు గడుపుకోవడానికి, డబ్బు కూడబెట్టుకోవడానికి ఫర్వాలేదు. సన్నటి దారుల్లో పనిచేసే సొలెనాయిడ్‌లు (ఆయిల్ దారిని తెరిచి మూసే కరెంటు వాల్వ్‌లు) ఉన్న కొత్త 6, 8 స్పీడ్ గేర్‌బాక్స్‌లలో నేనైతే పోయను.

మూడోది ఫ్రిక్షన్ మాడిఫయర్. దీని గురించి విడిగా చెప్పాలి.

సీసా పోశాక స్లిప్ ఇంకా పెరిగింది. ఎందుకు?

వణుకుకు వేసే మందు జారుడుకు వేసి ఉంటారు.

60, 70 కిలోమీటర్ల వేగంలో, మెల్లగా యాక్సిలరేటర్ మీద ఉన్నప్పుడు, గతుకుల రోడ్డు మీద పోతున్నట్టు బండి ఒకటి రెండు సెకన్లు వణికితే దాన్ని షడర్ అంటారు. అది ఎక్కువగా లాకప్ క్లచ్ దగ్గర వస్తుంది. ప్లేట్లు పట్టుకోవడం, వదలడం, పట్టుకోవడం ఇలా చకచకా జరుగుతుంటుంది. కొత్త ఏటీఎఫ్‌లో ఫ్రిక్షన్ మాడిఫయర్ ఉంటుంది, ప్లేట్లు ఝాడించి పట్టుకోకుండా నున్నగా కలిసేలా చూస్తుంది. ఆయిల్ పాతబడేకొద్దీ అది అయిపోతుంది, వణుకు మొదలవుతుంది. కాబట్టి షడర్‌కు ఫ్రిక్షన్ మాడిఫయర్ ఉన్న సీసా గానీ, కొత్త ఆయిల్ గానీ బాగా పనిచేస్తుంది. కొన్నిసార్లు ఒకే రోజులో తేడా తెలుస్తుంది.

స్లిప్ దీనికి వ్యతిరేకం. అక్కడ పట్టు తక్కువై బాధ పడుతున్నాం. నున్నగా చేసేది ఇంకొంచెం పోస్తే ఇంకొంచెం జారుతుంది. అందుకే సీసా మీద షడర్ అని ఉందా, స్లిప్ అని ఉందా, సీళ్ళ ప్రస్తావన ఉందా అన్నది చదివి కొనాలి.

ఆయిల్ మార్పుతోనే పెద్ద సమస్య తీరిన ఉదాహరణ ఇక్కడే ఉంది. 2015 నుంచి 2019 దాకా జనరల్ మోటార్స్ 8 స్పీడ్ గేర్‌బాక్స్‌లు, అంటే 8ఎల్90, 8ఎల్45, పికప్‌ల నుంచి కార్వెట్ దాకా వణికాయి. మొదట పోసిన ఆయిల్ తేమను పీల్చుకోవడం దానికి కారణమని తేలింది. 2019లో కంపెనీ పాత ఆయిల్‌ను పూర్తిగా ఫ్లష్ చేసి, మొబిల్ 1 సింథటిక్ ఎల్‌వీ ఏటీఎఫ్ హెచ్‌పీ పోయమని డీలర్లకు చెప్పింది. చాలా బండ్లు దాంతో కుదుటపడ్డాయి. చాలాకాలం వణికి ప్లేట్లు పాడైన వాటికి టార్క్ కన్వర్టర్ మార్చక తప్పలేదు.

మాడిఫయర్ సంగతి వచ్చింది కాబట్టి ఒక పాత విషయం. 1970ల మొదటి దాకా అమెరికాలో ఈ పనికి స్పెర్మ్ తిమింగలం నూనె వాడేవారు. తిమింగలాల రక్షణ చట్టాలతో అది ఆగిపోయింది. దానికి బదులు వెతుకుతూ జొజోబా గింజల నూనె దాకా వెళ్ళారు. ఇవాళ పేరున్న ఒక అడిటివ్ కంపెనీ పుట్టుక అక్కడే.

టైప్ ఎఫ్ ఆయిల్ కలిపితే గట్టిగా పట్టుకుంటుందంటారు?

పట్టుకుంటుంది, అది పుకారు కాదు. 1960, 70ల ఫోర్డ్‌ల కోసం చేసిన ఈ ఆయిల్‌లో ఫ్రిక్షన్ మాడిఫయర్ ఉండదు. డెక్స్‌రాన్ (జనరల్ మోటార్స్ ప్రమాణపు ఏటీఎఫ్) ఉండాల్సిన పాత 3 స్పీడ్ గేర్‌బాక్స్‌లలో అమెరికా మెకానిక్‌లు దీన్ని పోసి గేరు గట్టిగా పడేలా చేసేవారు. వాటిలో లాకప్ క్లచ్ లేదు కాబట్టి చెల్లింది. ఇప్పటి గేర్‌బాక్స్‌లో పోస్తే స్లిప్ తగ్గినా తగ్గకపోయినా వణుకు మాత్రం ఖాయం.

మా మెకానిక్ టీక్యూ ఆయిల్ పోస్తానంటున్నాడు. పోయించవచ్చా?

మన షెడ్లలో టీక్యూ అంటే పవర్ స్టీరింగ్‌లో పోసే ఎర్ర ఆయిల్. అది పాత డెక్స్‌రాన్ తరహా ఏటీఎఫే. పాత డెక్స్‌రాన్ అడిగే బండికి, డబ్బా మీద రాసిన స్పెక్ కలిస్తే, ఇబ్బంది లేదు. టొయోటా డబ్ల్యూఎస్, హ్యుందాయ్ ఎస్‌పీ-4, డెక్స్‌రాన్-6 అడిగే బండికి వద్దు. వంద డిగ్రీల దగ్గర డెక్స్‌రాన్-3 చిక్కదనం సుమారు 7 సెంటీస్టోక్‌లు ఉంటుంది, డబ్ల్యూఎస్‌ది ఐదున్నర దగ్గరే. పల్చటి ఆయిల్‌కు అలవాటైన సొలెనాయిడ్లు చిక్కటిదానితో ఆలస్యంగా స్పందిస్తాయి. ‘అన్నీ ఎర్రగానే ఉంటాయి సార్’ అంటే నవ్వి, యూజర్ మాన్యువల్ పేజీ చూపించండి.

పాత ఆయిల్ మారిస్తే ఉన్న గేర్‌బాక్స్ కూడా పోతుందట, నిజమేనా?

ఈ భయం హైదరాబాద్‌లోనూ ఉంది, డాలస్‌లోనూ ఉంది. పుట్టుక మాత్రం సులభంగానే అర్థమవుతుంది. లక్షన్నర కిలోమీటర్లు ఎవరూ ముట్టుకోరు. జారడం మొదలయ్యాక ఆయిల్ మారుస్తారు. నెలకు గేర్‌బాక్స్ పోతుంది. నింద కొత్త ఆయిల్ మీద పడుతుంది. అప్పటికే కాగితం అయిపోయిన ప్లేట్లు ఆయిల్ మార్చకపోయినా పోయేవే.

భయంలో కొంత న్యాయం కూడా ఉంది. మెషిన్‌తో ఒత్తిడి పెట్టి ఫ్లష్ చేస్తే ఏళ్ళుగా పేరుకున్న మడ్డి కదిలి వాల్వ్ బాడీలో ఇరుక్కోవచ్చు. ఇప్పటికే జారుతున్న బండికి ఫ్లష్ వద్దు. పాన్ విప్పి, అయస్కాంతాలు తుడిచి, ఫిల్టర్ మార్చి, వచ్చినంత తీసి అంతే పోయండి.

అలా చేస్తే మొత్తం మారదు. ఎక్కువ భాగం టార్క్ కన్వర్టర్‌లో ఉండిపోతుంది. 7 లీటర్లు పట్టే గేర్‌బాక్స్‌లో ఒకసారికి 3 లీటర్లు వచ్చిందనుకుంటే పాతది 57 శాతం మిగులుతుంది. మధ్యలో కొన్ని వందల కిలోమీటర్లు నడిపి రెండోసారి చేస్తే 33, మూడోసారికి 19 శాతం. మొదటిసారికే ఏ తేడా లేకపోతే మిగతా రెండుసార్ల డబ్బు రిపేరుకు దాచుకోండి.

లైఫ్‌టైమ్ ఆయిల్ అని కంపెనీయే చెప్పింది కదా?

కారు అమ్మే కంపెనీ చెప్పింది. బీఎండబ్ల్యూ లాంటివాటికి గేర్‌బాక్స్ తయారుచేసి ఇచ్చే జడ్‌ఎఫ్ మాత్రం 80 వేల నుంచి 1.2 లక్షల కిలోమీటర్లకు, లేదా ఎక్కువలో ఎక్కువ 8 ఏళ్ళకు మార్చమంటుంది. నేను గేర్‌బాక్స్ చేసినవాళ్ళ మాటే వింటాను.

బ్రేక్ ఆయిల్ కొద్దిగా పోస్తే స్లిప్ ఆగుతుందని విన్నాం.

సీళ్ళను ఉబ్బించి ఒకటి రెండు వారాలు ఆగినట్టే ఉంటుంది. అది గ్లైకాల్ ఆధారిత ద్రవం, ఏటీఎఫ్ సీళ్ళకు సరిపడదు, అవి మెత్తబడి పాడవుతాయి. బండి అమ్మేసేవాళ్ళు చేసే పని ఇది. కిరోసిన్‌తోనో డీజిల్‌తోనో గేర్‌బాక్స్ కడగడం కూడా వద్దు, లోపల మిగిలింది కొత్త ఆయిల్‌ను పల్చబరుస్తుంది.

వరద నీళ్ళలో మునిగింది. స్టార్ట్ అయింది గానీ వారానికి స్లిప్ మొదలైంది.

2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు మునిగాయి. గేర్‌బాక్స్‌కు గాలి పీల్చుకునే చిన్న గొట్టం ఉంటుంది, నీళ్ళు దాన్లోంచి పోతాయి. ప్లేట్ల మీది కాగితం నీటిని ఇష్టంగా పీలుస్తుంది, ఉబ్బుతుంది, కింద జిగురు వదిలేస్తుంది. మునిగిన బండిని స్టార్ట్ చేయకముందే ఆయిల్ తీయించి, రెండు మూడుసార్లు మారిస్తే బతకవచ్చు. నడిపి, స్లిప్ మొదలయ్యాక అడిటివ్ వెతకడం వృథా. ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో గేర్‌బాక్స్‌ను మొదటే రాయించండి.

తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడే జారుతోంది, ఊళ్ళో బాగుంటుంది.

వేడి. నిండా జనం, సామాను, ఏసీ, మలుపు మలుపుకూ వేగం తగ్గడం. వీటన్నిటికీ టార్క్ కన్వర్టర్ తెగ వేడెక్కుతుంది. ఆయిల్ పల్చబడి ఒత్తిడి పడిపోతుంది. లెవెల్ చూడండి, కూలర్ ముందు పేరుకున్న దుమ్ము కడిగించండి, ఆయిల్ పాతదైతే మార్చండి. చాలా బండ్లు ఇంతటితో సర్దుకుంటాయి. ఎక్కేటప్పుడు గేరును 2లోనో మాన్యువల్‌లోనో ఉంచితే పదేపదే మారే బాధ తప్పుతుంది. వాలు మీద ఆగినప్పుడు బ్రేక్ వాడండి. యాక్సిలరేటర్‌తో బండిని నిలబెడితే ఆ నిమిషంలోనే ఆయిల్ ఉడుకుతుంది.

ఏ దశలో సీసాలు మానేసి గేర్‌బాక్స్ దింపాలి?

మాడిన వాసన, నల్లపొడి, రివర్స్ పూర్తిగా పోవడం, ఇంజిన్ లైటు వెలిగి స్కానర్‌లో గేర్ రేషియో తప్పిందని చూపే పీ0730 వరస కోడ్‌లు రావడం. ఇవి కనిపిస్తే ఆపేయండి. స్లిప్ అయిన ప్రతిసారీ ప్లేట్ల పొడి వాల్వ్ బాడీలోకి, కూలర్‌లోకి పోతుంది. ఒక క్లచ్ ప్యాక్‌తో తేలే రిపేరు మొత్తం గేర్‌బాక్స్ దాకా పెరుగుతుంది. పీ0741 ఒక్కటే వస్తే అది లాకప్ వైపు, కంగారు పడకుండా ముందు ఆయిల్, సొలెనాయిడ్ చూపించండి. వైరింగ్, సొలెనాయిడ్ తప్పులకు గేర్‌బాక్స్ మొత్తం మార్చమనే చోటు నుంచి బయటికి వచ్చి ఇంకొకరిని అడగండి.

జారుతున్న బండిని షెడ్డు దాకా నడపవచ్చా?

లెవెల్ సరిగ్గా ఉంటే, దగ్గరైతే, నెమ్మదిగా. దూరమైతే ఫ్లాట్‌బెడ్ మీద పెట్టించండి. తాడు కట్టి లాగవద్దు. ఇంజిన్ ఆగి ఉంటే పంపు తిరగదు, చక్రాలు తిరుగుతుంటే లోపల భాగాలకు ఆయిల్ అందదు. ఫ్రంట్ వీల్ డ్రైవ్‌కు కనీసం ముందు చక్రాలు పైకెత్తాలి.

ఆయిల్ మార్చాక బండి ఇంకా జర్క్ ఇస్తోంది. మళ్ళీ పాడైందా?

వెంటనే అలా అనుకోవద్దు. కంప్యూటర్ పాత ఆయిల్‌కు, అరిగిన ప్లేట్లకు తగ్గట్టు ఒత్తిడి లెక్కలు నేర్చుకుని ఉంటుంది. కొత్త ఆయిల్ వచ్చాక ఆ లెక్కలు కుదరవు. స్కానర్‌తో అడాప్టేషన్ రీసెట్ చేయించి, అన్ని గేర్లూ పడేలా మామూలు వేగాల్లో కొన్ని రోజులు నడపండి. రీసెట్ తర్వాత కూడా 2 నుంచి 3కి మారేచోటే ఎప్పుడూ రేస్ అవుతుంటే, ఆ గేరు క్లచ్ ప్యాకో దాని సొలెనాయిడో చూడమని మెకానిక్‌కు ఆ మాటే చెప్పండి.